ఎడమ మడత

తల్లీ, మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన సంగతి అప్పటినుంచీ నా బుర్రలో తిరుగుతూనే ఉంది. పుణెలో మీ కంపెనీ గోడౌన్లకి రోజువారీ మనుషుల్ని పంపుతుందనీ, పని ఉందని కబురు ఫోన్లలోకి వెళ్లగానే ముందు ఒప్పుకున్నవాళ్లకే ఆ రోజు పని అనీ అన్నావు. ఒక గోడౌన్‌లో మాత్రం ఏదో తేడాగా ఉందట. బాగా చురుకైనవాళ్లు కూడా కొన్ని రోజులు కావాలనే ఊరుకుంటున్నారట. వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని చేస్తున్నారు, అదేమిటో కనిపెట్టి ఆపమని మీ బాస్ నీకు అప్పజెప్పాడట. "నువ్వూ టెంపరరీ వాళ్లతో పని చేయించావు కదా అమ్మమ్మా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నావు. నేను నోరు తెరిచేలోపు నీకు ఇంకో కాల్ వచ్చేసింది.

అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇది తమ్ముడికి కూడా చూపించు. వాడూ రేపో మాపో ఉద్యోగంలో చేరేవాడే. ఏం చెయ్యాలో నాకు తెలియదమ్మా. నా కళ్ల ముందు జరిగింది ఒకటుంది. అది చెబుతాను. పేర్లు రాయను. వాళ్లింకా అక్కడే పని చేస్తున్నారు.

మీ తాతయ్య స్టీల్ ప్లాంట్ షిఫ్టులకి వెళ్తుంటే నేను లాండ్రీలో సూపర్‌వైజర్‌గా చేసేదాన్నని మీకు తెలుసు. లాండ్రీ అంటే వీధి చివర ఇస్త్రీ బండి అనుకుని నవ్వేవారు చిన్నప్పుడు. మధురవాడ వెనక, కొండ వైపు సందులో పెద్ద రేకుల షెడ్డు అది. బీచ్ రోడ్డు హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు, పెళ్లి విందుల టేబుల్ గుడ్డలు, నేప్కిన్లు అన్నీ మాకే వచ్చేవి. అప్పుడప్పుడు పోర్టులో ఆగిన ఓడలవాళ్ల బట్టలు కూడా. ఉతకడానికి గదంత మెషిన్లు ఉండేవి. దుప్పట్లకి రోలర్ ఉండేది. చిన్న గుడ్డలు మాత్రం చేత్తోనే చెయ్యాలి. బల్ల మీద పరిచి, ఆవిరి ఇస్త్రీపెట్టెతో రుద్ది, మడిచి, కట్ట కట్టి, వెనకాల ఉన్న రాక్‌లో పెట్టాలి. ఆ చేతిపని అంతా చూసుకోవడం నా ఉద్యోగం.

పెద్దాయన, అంటే పాత ఓనరు ఉన్నన్నాళ్లూ అందరూ పర్మినెంటే. పెళ్లిళ్ల రోజుల్లో ఊపిరాడేది కాదు. ఆషాఢంలో హోటళ్లు ఖాళీ, మేమూ ఖాళీ. ఆడవాళ్లు బల్లల మీదే చింతపండులో గింజలు తీసుకునేవారు. ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు. పెద్దాయన చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయేవారు.

ఆయన తర్వాత కొడుకు వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. నన్ను ఆంటీ అనేవాడు. వచ్చిన కొత్తలోనే ఒక ఆషాఢం మధ్యాహ్నం ఆ చింతపండు చూశాడు.

"ఆంటీ, మనం ఫ్లెక్సిబుల్‌గా ఉండాలి. పని పెరిగితే మనుషులు పెరగాలి, తగ్గితే తగ్గాలి. లేకపోతే మనం మునిగిపోతాం. మనం మునిగితే వీళ్లందరూ మునుగుతారు కదా?"

అతని మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మా పక్క సందులో ఇంకో లాండ్రీ అప్పటికే మూసేశారు. చిన్న ఓనరు ఉన్నవాళ్లని ఎవరినీ తీసెయ్యలేదు. మానేసినవాళ్ల స్థానంలో మాత్రం కొత్తగా ఎవరినీ పర్మినెంట్ చెయ్యలేదు. చేతిపని బల్లల దగ్గరకి సముద్రం ఒడ్డు ఊళ్లోంచి ఆడవాళ్లని తెచ్చుకున్నాడు. చేపల వేటకి వెళ్లే కుటుంబాలు వాళ్లవి. పని ఉన్న రోజు రావాలి. లేని రోజు లేదు. వాళ్లందరితో ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. తెల్లవారగానే "ఇవాళ ఎనిమిది మంది కావాలి" అని మెసేజ్ పడుతుంది. ముందు బొటనవేలు బొమ్మ పెట్టిన ఎనిమిది మందీ రావచ్చు. మిగతావాళ్లకి మరో రోజు.

మొదటి రోజులు ఎలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే నవ్వినందుకు బాధా వేస్తుంది. ఒకామె ఫోన్ చూస్తూ చేపల పులుసు మాడబెట్టింది. ఇంకొకామె అత్తగారి చేతికి ఫోనిచ్చి స్నానానికి వెళితే, ఆ పెద్దావిడ కంగారులో బొటనవేలికి బదులు గులాబీ పువ్వు పెట్టింది. పువ్వు చెల్లదన్నాడు చిన్న ఓనరు. మా షెడ్డు గేటు దగ్గర కోడలు వచ్చి, "పువ్వు మంచిదే కదా బాబూ, బొటనేలు కన్నా" అని ఎంత బతిమాలిందో. ఇక వాళ్లలో వాళ్లు తిట్టుకోవడాలు. ఆటోలో ఒకళ్ల పక్కన ఒకళ్లు కూర్చునేవారు కాదు.

తర్వాత ఏమైందో గానీ ఉన్నట్టుండి గొడవలు ఆగిపోయాయి. మెసేజ్ పడిన కాసేపటికి ఎనిమిది బొటనవేళ్లూ బుద్ధిగా వరసగా వచ్చేవి. తొమ్మిదోది వచ్చేది కాదు. చిన్న ఓనరు మురిసిపోయాడు. "పోటీ పెడితే ఎంత డిసిప్లిన్ వచ్చిందో చూశారా ఆంటీ" అన్నాడు.

అందరిలోకీ చురుకైన మనిషి ఒకామె ఉండేది. గొంతు పెద్దది, చెయ్యి ఇంకా వేగం. ఆమె చేతిలో నేప్కిన్ పడితే మనం రెప్ప వేసి తెరిచేలోపు కట్టలో ఉండేది. మొదట్లో రోజూ తన బొటనవేలే ముందుండేది. అలాంటిది ఆమె కూడా కొన్ని రోజులు పలికేది కాదు. ఒకరోజు టీ దగ్గర అడిగాను.

"ఏమ్మా, నిన్న మెసేజ్‌కి పలకలేదు. ఒంట్లో బాగాలేదా?"

"నా వొంటికేటమ్మా, గుండ్రాయి నాగుంది. నిన్న నా వొంతు కాదు."

"వంతేమిటి?"

ఆమె టీ గ్లాసు కింద పెట్టి నా వైపు జాలిగా చూసింది. "ఓలమ్మా, ఆయన బెల్లం ముక్క ఇసిరేత్తే సీమల్నాగ ఎగబడిపోవాలేటి? ఒడ్డున పెద్ద వల లాగతన్నప్పుడు మీరు సూల్లేదా? తాడు పట్టినోల్లందరికీ వాటాయే. బలం ఉన్నోడికి బుట్టెడు, బలం నేనోడికి తోక ముక్క, అలగ పంచుకుంటే రేపు తాడట్టుకోడానికి ఎవులొత్తారు? ఇదీ అంతే. రేపు ఎవులెల్లాలో ముందే అనీసుకుంటాం."

"చిన్న ఓనరుకి తెలుసా?"

"ఆయనకి ఎనిమిది బొటనేల్లు కావాల. ఎనిమిది వత్తన్నాయి. ఎవులివయితే ఆయనకేటి?"

నిజమే, ఆయనకేమిటి? నేనూ ఆ మాట ఎక్కడా ఎత్తలేదు. ఎత్తడానికి ఏముంది, పనంతా సవ్యంగా జరుగుతోంది.

ఇప్పుడు ఇంకొకామె గురించి చెప్పాలి. ఈమెది ఎడమచేతి వాటం. మా ఇస్త్రీపెట్టెలకి ఆవిరి వచ్చే గొట్టాలు గోడ మీద పైపుకి బిగించి ఉండేవి. అన్నీ కుడివైపే. అందరూ కుడిచేత్తో పెట్టె పట్టుకుంటే గొట్టం పక్కన వేలాడుతుంది. ఈమె ఎడమచేత్తో పట్టుకుంటే ఆ వేడి గొట్టం బల్లకి అడ్డంగా, గుడ్డ మీదుగా వచ్చేది. ప్రతి నేప్కిన్‌కీ గొట్టాన్ని ఎత్తి, దాని కిందనుంచి గుడ్డ లాగి, మళ్లీ వదలాలి. దాంతో ఆమెది నెమ్మది. "ఆ గొట్టం ఎడమవైపు మార్పించండి బాబూ" అని నేను ఎన్నోసార్లు అడిగాను. "నెక్స్ట్ సర్వీసింగ్‌కి చూద్దాం ఆంటీ" అనేవాడు. టెంపరరీ మనిషి కోసం గోడ పైపు మార్చడం ఏమిటని అతని ఉద్దేశం. అదీ ఒక లెక్కే.

ఆమె మడత కూడా వేరు. బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్ నేప్కిన్లకి ఒక మూల శంఖం గుర్తు కుట్టి ఉండేది. మిగతావాళ్లు మడిస్తే శంఖం కుడిమూలకి వచ్చేది. ఈమె మడిస్తే ఎడమమూలకి. హోటల్‌వాళ్లకి ఎటున్నా ఫర్వాలేదు, ఒక కట్టలో అన్నీ ఒకేవైపు ఉంటే చాలు. అందుకని ఆమె కట్టలు విడిగా ఉండేవి. మా షెడ్డులో వాటిని "ఎడమ మడత" అనేవాళ్లం.

ఆమె మొగుడు వేటకి వెళ్లేవాడు. బోటు మీద వల లాగే చక్రంలో తాడుతో పాటు చెయ్యి పడి నలిగిపోయింది. మొదటి ఆపరేషన్ ఎలాగో చేయించారు. రెండోది చేస్తే గానీ వేళ్లు ముడుచుకోవన్నారు. వేళ్లు ముడుచుకోకపోతే తాడు పట్టలేడు. తాడు పట్టలేని మనిషి ఆ ఒడ్డున ఏం చేస్తాడు? అరుగు మీద కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూసుకునేవాడట. వదిలెయ్యగానే అవి మళ్లీ చాచుకుపోయేవట. మా దగ్గర పర్మినెంట్ వాళ్లకి ఆసుపత్రి కార్డు ఉండేది. ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. టెంపరరీ వాళ్లకి అది లేదు. ఆ కార్డు ఉంటే రెండో ఆపరేషన్ అయిపోతుంది. ఆమెకి కావలసింది అదొక్కటే. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు.

అలాంటి సమయంలో మా ఇస్త్రీ మాస్టారు మానేస్తానన్నారు. వన్ టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి, పెద్దాయన కాలం వాడు. మోకాళ్లు అరిగిపోయాయి. "ఇన్నాళ్లూ అందరి ముడతలూ తీసాను, నా మోకాలి ముడత తీసీవోడు ఎవుడూ నేడు" అనేవారు. ఆయన స్థానంలో ఒక పర్మినెంట్ ఉద్యోగం ఖాళీ. చాలా ఏళ్ల తర్వాత మొదటిది.

నేను చిన్న ఓనరు గదిలోకి వెళ్లి ఎడమచేతి ఆమె సంగతి చెప్పాను. అతను విన్నాడు. విననట్టు చేసేవాడు కాదు, అది అతని మంచితనం.

"ఆంటీ, కష్టాలు అందరికీ ఉంటాయి. ఒకరి కష్టం చూసి ఇస్తే రెండోవాళ్లు వచ్చి నాదేం తక్కువ అంటారు. నేనేం చెప్పను? నంబర్ అయితే ఎవరూ ఏమీ అనలేరు."

మర్నాడు టెంపరరీ వాళ్లందర్నీ పిలిచి చెప్పాడు. శుక్రవారం ఆ శంఖం హోటల్లో పెద్ద కాన్ఫరెన్స్ ఉంది, సాయంత్రం విందుకి నేప్కిన్లు కావాలి. ఆ రోజు గ్రూపులో బొటనవేళ్లు అక్కర్లేదు, అందరూ రావాలి. ఎవరి రాక్ వాళ్లది. వ్యాన్ వచ్చే వేళకి ఎవరి రాక్‌లో ఎక్కువ ఉంటే వాళ్లకి మాస్టారి ఉద్యోగం. "ఓపెన్ పోటీ. ఫెయిర్ కదా ఆంటీ?" అన్నాడు నా వైపు తిరిగి.

ఫెయిరే. నేను తలూపాను. అందరూ చురుకామె వైపు చూశారు. ఆమె పైట చెంగు తిప్పుకుంటూ, "అయితే ఇయ్యాల్టినుంచి నాకు కూల్‌డ్రింకులు తాగించండే" అంది. నవ్వారు. ఎడమచేతి ఆమె కూడా నవ్వింది. నవ్వి తన అరచేతుల వైపు చూసుకుంది.

శుక్రవారం వచ్చింది. షెడ్డులో ఆవిరి పొగమంచులా కమ్ముకుంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఇస్త్రీపెట్టెల బుస, రేకుల మీద కాకుల నడక, అంతే. మాస్టారికి అది చివరి రోజు. ఆయన బల్లల మధ్య కుంటుతూ తిరుగుతూ ఎవరి పెట్టె వేడి తగ్గితే వాళ్లది సరిచేస్తున్నారు. చిన్న ఓనరు అద్దాల గదిలోంచి అప్పుడప్పుడు తలెత్తి చూస్తున్నాడు. ఎడమచేతి ఆమెది గోడ పక్క బల్ల. ఆమె వీపు మా అందరి వైపూ ఉంది, రాక్ ఆమె వెనక. గొట్టం ఎత్తడం, గుడ్డ లాగడం, గొట్టం వదలడం. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూసి చేసేదేముంది అనుకుందో ఏమో.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చురుకామె బల్ల దగ్గర ఆగాను. ఆమె చేతులు అలవాటైన వేగంలో లేవు. ఎక్కడో తడబడుతున్నాయి. అలిసిపోయిందనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే ఆమె మడిచే వైపు మారింది. ఎడమనుంచి మడుస్తోంది. శంఖం ఎడమమూలన పడుతోంది.

"తిరగేసి మడుస్తున్నావేమ్మా?" అన్నాను.

"అలగా?" అంది, తల ఎత్తకుండా. "సూసుకోనేదు."

పక్క బల్ల చూశాను. అక్కడా శంఖం ఎడమకే. దాని పక్కన, గులాబీ పువ్వు కోడలు బల్ల. ఆమె పెదవి కొరుకుతూ, చంటిపిల్ల కొత్తగా అక్షరం దిద్దుతున్నట్టు ఎడమ మడత మడుస్తోంది. అలవాటు లేని వైపు మడవడం ఎంత కష్టమో మీరూ ఒక చేతిరుమాలు తీసుకుని చూడండి.

నాకింకా వెలగలేదు. అప్పుడే చురుకామె ఒక కట్ట చంకలో పెట్టుకుని మంచినీళ్ల కుండ వైపు నడిచింది. దారిలో ఎడమచేతి ఆమె రాక్ ఉంది. అక్కడ ఆగలేదు కూడా. నడుస్తూనే కట్ట అందులో పెట్టి, నీళ్లు తాగి, మూతి తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

"అది నీ రాక్ కాదమ్మా" అన్నాను. నా గొంతు మెత్తనిదని మీరంటారు కానీ ఆ నిశ్శబ్దంలో అది షెడ్డంతా వినిపించింది.

ఇస్త్రీపెట్టెలన్నీ ఒక్కసారి ఆగాయి. ఎవరూ తల తిప్పలేదు. అద్దాల గదిలో చిన్న ఓనరు ఫోన్లో ఉన్నాడు. మాస్టారు కుంటుతూ నా పక్కకి వచ్చారు.

"కల్లజోడు తుడుసుకోండమ్మగోరూ" అన్నారు నెమ్మదిగా. "ఆవిరికి మసకట్టీసినట్టుంది. ఇలాటప్పుడు ఒకటుంటే ఇంకోటి కనపడతాది."

నేను కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచాను. చాలాసేపు తుడిచాను. ఇస్త్రీపెట్టెలు మళ్లీ బుసకొట్టడం వినిపించింది. ఒక్కొక్కరికీ దాహం వెయ్యడం మొదలైంది. ఆ రోజు ఆ కుండని రెండుసార్లు నింపించాల్సి వచ్చింది.

వ్యాన్ రావడానికి ఇంకా కాస్త సమయం ఉందనగా, ఎడమచేతి ఆమె కట్ట పెట్టడానికి వెనక్కి తిరిగి అలాగే నిలబడిపోయింది. పొద్దుటినుంచీ చేత్తో తడుముకుని కట్ట పెట్టేస్తోంది. ఇప్పుడు పెట్టడానికి చోటు లేదు. రాక్ నిండిపోయింది. ఆమె మొహం తెల్లబోయింది. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఇయ్యి నావి కావు."

చిన్న ఓనరు గది తలుపు తీసుకుని బయటికి వస్తున్నాడు. నేను అతని వైపు చూశాను, ఆమె వైపు చూశాను. ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని చెప్పలేదు. ఇప్పుడామె ఇంకొక్క మాట అంటే అంతా పోతుంది. కార్డు, ఆపరేషన్, ఆ వేళ్లు, అన్నీ. అబద్ధం చెప్పడం నాకు రాదు. మీ తాతయ్య దగ్గర ఎన్నిసార్లు దొరికిపోయానో.

ఆమె రాక్‌లోంచి ఒక కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాను.

"మడత ఎవరిదో చూసుకో" అన్నాను. "శంఖం ఎటుంది?"

"ఎడమకి."

"ఈ షెడ్డులో ఎడమ మడత ఎవరిది?"

ఆమె నోరు తెరిచింది. చుట్టూ చూసింది. అన్నీ వీపులే. అందరూ బల్లల మీదకి వంగి, లోకంలో అంతకంటే ముఖ్యమైన పని లేనట్టు రుద్దుతున్నారు. చురుకామె తల తిప్పకుండానే అరిచింది.

"ఏటే అలగ నిలబడిపోనావు? బేగి కానీ. వేను వొచ్చీసింది!"

వ్యాన్ అప్పటికింకా రాలేదు.

చిన్న ఓనరు రాక్‌లన్నీ చూసుకుంటూ వచ్చాడు. గోడ పక్కన ఆగాడు. ఒక కట్ట విప్పి చూశాడు. ఇంకోటి విప్పాడు. శంఖాలన్నీ ఎడమకే. "ఈమేనా ఆంటీ?" అన్నాడు నమ్మలేనట్టు.

"రాక్ మీరే చూశారు కదా బాబూ" అన్నాను.

అతను మాట మనిషి. అక్కడికక్కడే చెప్పేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎడమచేతి ఆమె బల్ల పట్టుకుని కిందకి జారి కూర్చుంది. మాస్టారు తన పాత చెక్క పీట తెచ్చి ఆమె పక్కన పెట్టి, "దీని మీద కూకోయే. రేపటినుంచి ఇది నీదే" అన్నారు. గేటు దగ్గర వ్యాన్ డ్రైవర్‌తో ఆయన అంటుంటే విన్నాను, "బావా, ఇయ్యాల సరుకు జాగర్తగా అట్టుకెల్లు. దాంట్లో శానా సేతులున్నాయి."

తర్వాత ఒకరోజు చురుకామెని అడిగాను, "నీకు మాత్రం అక్కర్లేదా ఆ ఉద్యోగం?"

"ఎందుకక్కర్నేదమ్మా? నాకేటి, సేదా?" అంది.  "ఆల్లాయన మా వల తాడుకి ఆ కొసనుండీవోడు. ఆ కొస వొదులైపోయింది. ఈ కొసన మావెంత లాగితే ఏటి లాబం? నా వొంతు ఎక్కడికి పోద్దిలెండి."

పర్మినెంట్ అయ్యాక గోడ పైపు మార్చి గొట్టం ఎడమవైపు పెట్టించాడు చిన్న ఓనరు. సర్వీసింగ్ కోసం ఆగలేదు. ఆమె చెయ్యి కాస్త సాగింది కానీ ఆ శుక్రవారం లెక్క మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఒకసారి అతను నా బల్ల దగ్గర నిలబడి చాలాసేపు ఆమెనే చూశాడు.

"ఆంటీ, ఆ రోజు ఈమెకి ఏమైంది?"

"ఒక్కోరోజు అలా కలిసొస్తుంది బాబూ" అన్నాను.

అతను నా కళ్లజోడు వైపు చూశాడు.  మళ్లీ అలాంటి పోటీ ఎప్పుడూ పెట్టలేదు. అతనికి తెలిసిందో లేదో నాకు తెలియదు. నేను చేసింది తప్పో ఒప్పో కూడా తేల్చుకోలేకపోయాను. జీతమిచ్చే మనిషికి కనిపించింది చెప్పాలి కదా అని ఒక మనసు. నాకు కనిపించింది అతను కూడా చూడగలిగేదే కదా, ఒక్కసారి కుండ దాకా నడిచి ఉంటే, అని ఇంకో మనసు.

ఆపరేషన్ అయింది. ఆ తర్వాతెప్పుడో నేను ఒడ్డుకి వెళ్లినప్పుడు వల లాగుతున్నారు. తాడు చివర అతనున్నాడు. రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. మిగతావాటితో పట్టుకున్నాడు. తాడు బిగుతుగానే ఉంది.

తల్లీ, మీ గోడౌన్‌వాళ్ల సంగతి కనిపెట్టమన్నాడు కదా మీ బాస్. కనిపెట్టు. అది నీ ఉద్యోగం. ఒక్కసారి అక్కడికి వెళ్లి, టీ తాగే వేళకి వాళ్ల పక్కన కూర్చుని కనిపెట్టు. తర్వాత ఏం రాయాలో నీకే తోస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. నేను రిటైరయ్యాక నా స్థానంలో సూపర్‌వైజర్ ఎవరో తెలుసా? ఆ ఎడమచేతి ఆమే. ఆమె పిలిస్తే ఎనిమిది మందీ వస్తారని చిన్న ఓనరు గమనించాడు. నాకేమో ఇంట్లో తోచక, రష్ ఉన్న రోజుల్లో వస్తానన్నాను. సరే అని నన్నూ ఆ గ్రూపులో చేర్చారు. అంటే మీ అమ్మమ్మ ఇప్పుడు టెంపరరీ. మీతో ఇన్నాళ్లూ చెప్పలేదు, వద్దంటారని.

మొన్న వెళ్లాను. చేతి తువ్వాళ్లు ఇచ్చారు. వాటిని ఎలా మడిచినా ఫర్వాలేదు, కట్టలో ఒకేలా ఉంటే చాలు. నేను మూడు మడతలు వేసి అంచు లోపలికి తోసేస్తాను. మా అమ్మ గోదావరి ఒడ్డున పంచెలు అలా మడిచేది. ఇక్కడ ఇంకెవరూ అలా మడవరు. కంటి ఆపరేషన్ అయినప్పటినుంచీ నా చెయ్యి నెమ్మదించింది. మధ్యలో కళ్లు తిరిగినట్టయి, కాసేపు టీ తాగుతూ బయట కూర్చున్నాను. లోపలికి వచ్చేసరికి నా రాక్‌లో కట్టలు పైకి లేచి ఉన్నాయి.

షెడ్డంతా చూశాను. అన్నీ వీపులే.

సూపర్‌వైజరమ్మ లెక్క చూసుకుంటూ వచ్చింది. "బాగానే సేసినారమ్మా" అంది, మొహంలో ఏమీ కనపడకుండా.

"ఇవి నావి కావు తల్లీ" అన్నాను.

ఆమె ఒక కట్ట తీసి నా చేతిలో పెట్టింది.

"మడత ఎవులిదో సూసుకోండి."

కళ్లజోడు సర్దుకుని చూశాను. మూడు మడతలు. అంచు లోపలికి. మడత నాదే.